చెద పట్టింది ఉత్తరాలకా, రిజిస్టరుకా?

నిన్న సాయంత్రం దాకా బాగున్న ఇన్‌బాక్స్ పొద్దున తెరిస్తే ఖాళీ. మెయిళ్లన్నీ పోయినట్టేనా?

చాలాసార్లు పోవు. ఆ తరవాత కంగారులో మనం చేసే పనుల వల్ల పోతాయి. అందుకని ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. ఔట్‌లుక్ అయినా థండర్‌బర్డ్ అయినా మూసేసి, బ్రౌజర్‌లో వెబ్‌మెయిల్ తెరవండి. అక్కడ అన్నీ పదిలంగా కనిపిస్తే సర్వర్‌కు ఏ జబ్బూ లేదు. జబ్బంతా మీ కంప్యూటర్‌లో ఉన్న నకలుకే. ఉత్తరాలు సర్వర్‌లోనే ఉండే ఐమ్యాప్ ఖాతాకు ఔట్‌లుక్ పెట్టుకునే ఓఎస్‌టీ ఫైలు అలాంటి నకలే. దాని పేరు మార్చి పక్కన పెడితే, ఔట్‌లుక్ మళ్లీ తెరిచినప్పుడు సర్వర్ నుంచి కొత్తది దించుకుంటుంది. చెరిపేయకండి, పేరే మార్చండి. సర్వర్‌కు ఇంకా చేరని చిత్తుప్రతి ఏదైనా అందులో మిగిలి ఉండొచ్చు. థండర్‌బర్డ్‌లో అయితే ఫోల్డర్ ప్రాపర్టీస్‌లో 'రిపేర్ ఫోల్డర్' అనే బటన్ ఉంటుంది, అది చాలు.

పీఎస్‌టీ ఫైలు సంగతి వేరు. పాప్ పద్ధతిలో ఉత్తరాలు దించుకుని సర్వర్‌లో చెరిపేసే అలవాటున్నవాళ్లకు అదే అసలు ప్రతి. ఔట్‌లుక్ 2002 దాకా వచ్చిన పాత రకం పీఎస్‌టీకి 2 జీబీ హద్దు ఉండేది. అది దాటిన ఫైలు మొరాయించేది. దాన్ని బాగుచేసే స్కాన్‌పీఎస్‌టీ ఔట్‌లుక్‌తో పాటే వస్తుంది. కానీ ముందు ఫైలుకు కాపీ తీసి, ఆ కాపీ మీదే నడపండి.

వెబ్‌మెయిల్‌లోనూ ఖాళీయే అయితే, లేదా ఉత్తరం పేరు కనిపించి తెరవబోతే ఎర్రర్ వస్తే, ఇక సర్వర్ దగ్గరికి నడవాల్సిందే.

సర్వర్‌లో అసలు పాడయ్యేది ఏమిటి?

ఊళ్లో గ్రంథాలయాన్ని తలచుకోండి. బీరువాల నిండా పుస్తకాలు. లైబ్రేరియన్ బల్ల మీద లావుపాటి రిజిస్టరు. ఏ నంబరు పుస్తకం ఏది, ఏ బీరువాలో ఏ అరలో ఉంది, ఎవరు తీసుకెళ్లారు, అన్నీ అందులో ఉంటాయి. మనం ఏది అడిగినా ఆయన బీరువా దగ్గరికి పోడు, ముందు రిజిస్టరు తిప్పుతాడు. ఒకరోజు దానికి చెద పట్టిందనుకోండి. పుస్తకాలు ఎక్కడివక్కడే ఉంటాయి. ఆయన మాత్రం 'లేదండీ' అంటాడు.

మెయిల్ సర్వర్ కూడా ఇంతే. ఉత్తరాలు ఒకచోట, వాటి జాబితా మరొకచోట. ఆ జాబితాను ఇండెక్స్ అంటారు. లినక్స్ సర్వర్లలో విరివిగా కనిపించే డోవ్‌కాట్‌నే తీసుకుందాం. ఫిన్లండ్‌కు చెందిన టిమో సిరైనెన్ రాసిన ఈ ప్రోగ్రాం 2002లో బయటికి వచ్చింది. ఇది ప్రతి ఫోల్డర్‌కూ ఇండెక్స్ ఫైలు, దానిలో మార్పుల చిట్టాగా లాగ్ ఫైలు, పంపినవారి పేరు, సబ్జెక్టు లాంటివి చటుక్కున చూపడానికి క్యాష్ ఫైలు పెట్టుకుంటుంది. రోజంతా తిరగరాసేది వీటినే. ఉత్తరం ఒకసారి వచ్చి కూర్చుంటే దాన్ని ఎవరూ దిద్దరు. ఎక్కువ తిరగరాసేదే ఎక్కువ పాడవుతుంది కాబట్టి, మెయిల్‌బాక్స్ కరప్ట్ అయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటిలో చెద పట్టింది రిజిస్టరుకే.

రిపేరు అనే మాటకు అర్థం ఇక్కడే తేలిపోతుంది. బీరువాలు చూసుకుంటూ రిజిస్టరు మళ్లీ రాయడమే రిపేరు. పుస్తకమే చెద తినేసి ఉంటే ఏ రిపేరూ దాన్ని పుట్టించలేదు. వేరే గ్రంథాలయం నుంచి, అంటే బ్యాకప్ నుంచి, తెచ్చుకోవాలి.

ఎందుకు పాడవుతాయి?

కరెంటు పోవడం అందరికీ తోచే కారణం, నిజమే కూడా. రాస్తున్నదానిలో సగం డిస్కుకు చేరి సగం మెమరీలో ఉండగా సర్వర్ పడుకుంటే ఫైలు తెగిపోతుంది. యూపీఎస్ ఉన్నా బ్యాటరీలు ఎన్నేళ్ల కిందటివో ఎవరు చూశారు?

నేను ఎక్కువగా చూసినది మాత్రం డిస్క్ నిండిపోవడం. ఇందులో ఒక మాయ ఉంది. 'డీఎఫ్' అని కొట్టి చూస్తే 30 శాతం ఖాళీ చూపిస్తుంది, అయినా కొత్త ఫైలు పుట్టదు. ఫైలుకు ఒకటి చొప్పున వాడే ఐనోడ్లు అయిపోయి ఉంటాయి. గోదాములో జాగా ఉంది, గేటు దగ్గర టోకెన్లు లేవు. లక్షల చిన్న ఉత్తరాలున్న సర్వర్లో ఇది మామూలే. 'డీఎఫ్' పక్కన 'హైఫన్ ఐ' చేర్చి చూస్తే బయటపడుతుంది.

మూడోది, ఒకే ఫైలులో ఇద్దరు ఒకేసారి రాయడం. ఉత్తరం తెచ్చే ప్రోగ్రాం ఒకటి, చదివించే ప్రోగ్రాం ఒకటి. ఇద్దరూ ఒకే రకం తాళం వాడితేనే ఒకరు లోపల ఉండగా ఇంకొకరు ఆగుతారు. ఒకరు ఒక రకం, మరొకరు మరో రకం వాడితే ఎవరి తాళం వారిదే, తలుపు మాత్రం తెరిచే ఉంటుంది. మెయిల్ ఫైళ్లను నెట్‌వర్క్ మీద వేరే మెషీన్‌లో పెట్టి, రెండు సర్వర్ల నుంచి ఒకే మనిషి ఖాతాను నడిపిన చోట ఈ గొడవ ఎక్కువ.

ఇక డిస్కే ముసలిదైతే చెప్పేదేముంది.

ఉత్తరాలు దాచే పద్ధతి తెలుసుకోకుండా రిపేరు చేయకూడదంటారు. ఎందుకని?

ఏ ఫైలు పారేయవచ్చో ఏది ముట్టుకోకూడదో ఆ పద్ధతే చెబుతుంది కాబట్టి.

అన్నిటికన్నా పాతది ఎంబాక్స్, యూనిక్స్ తొలినాళ్ల నాటిది. ఫోల్డర్‌లోని ఉత్తరాలన్నీ ఒకే ఫైలులో ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఒకటి ముగిసి ఇంకొకటి మొదలైందని చెప్పే ఆనవాలు ఒక్కటే: వరుస మొదట ఇంగ్లిషు 'ఫ్రమ్', దాని వెంట ఖాళీ. మరి ఉత్తరం రాసినాయన 'ఫ్రమ్ విజయవాడ వుయ్ విల్ టేక్ ఎ బస్' అంటూ కొత్త వరుస మొదలుపెడితే? సర్వర్ దాన్ని వేరే ఉత్తరం అనుకుని అక్కడికి కోసేస్తుంది. అలా జరగకుండా దాచేటప్పుడే ఆ మాట ముందు ఒక బాణం గుర్తు పెడతారు. పాత మెయిళ్లలో వాక్యం ముందు అకారణంగా కనిపించే బాణం కథ ఇది. ఎంబాక్స్‌లో చదివినట్టు గుర్తు పెట్టాలన్నా ఆ పెద్ద ఫైలు మధ్యలో దిద్దాలి. మధ్యలో కరెంటు పోతే ఒక్క ఉత్తరంతో పోదు. సర్వర్ 'ఇది ఎంబాక్స్ ఫైలే కాదు' అని భీష్మించుకుంటే మొదటి వరుస చూడండి. అక్కడ సున్నా బైట్ల చెత్త చేరి ఉండొచ్చు. కాపీ తీసుకున్నాక ఆ చెత్త తీసేసి, ఫైలు 'ఫ్రమ్'తో మొదలయ్యేట్టు చేస్తే మిగతాదంతా చాలాసార్లు లేచి కూర్చుంటుంది.

ఈ బాధ పడలేక డేనియల్ బెర్న్‌స్టీన్ 1990లలో తన మెయిల్ సర్వర్ క్యూమెయిల్ కోసం మెయిల్‌డిర్ కనిపెట్టాడు. ఒక్కో ఉత్తరం ఒక్కో ఫైలు. ముందు 'టెంప్' అనే డైరెక్టరీలో పూర్తిగా రాసి, ఆ తరవాతే 'న్యూ'లోకి జరుపుతారు. జరపడం అనేది పూర్తిగా జరుగుతుంది, లేదా అసలు జరగదు. సగం ఉత్తరం ఎవరి కంటా పడదు, తాళాలతో పని లేదు. చదివినది, జవాబిచ్చినది అనే గుర్తులు ఫైలు పేరు చివర అక్షరాలుగా ఉంటాయి, పుస్తకం అట్ట మీద చీటీ అంటించినట్టు. అందుకే మెయిల్‌డిర్‌లో ఇండెక్స్, లాగ్, క్యాష్ ఫైళ్లు మూడూ పారేసినా డోవ్‌కాట్ మళ్లీ రాసుకుంటుంది.

డోవ్‌కాట్ సొంత పద్ధతి డీబాక్స్ దగ్గరికి వస్తే ఈ ధీమా పనికిరాదు. అక్కడ చదివిన గుర్తులు ఇండెక్స్‌లోనే ఉంటాయి, ఇంకెక్కడా ఉండవు. పుస్తకాన్ని ఎవరు తీసుకెళ్లారో రిజిస్టరులో తప్ప రాయని గ్రంథాలయం అది.

ఇది నాకు పుస్తకాల్లో చదివితే తెలియలేదు. మెయిల్‌డిర్‌తో పదేళ్లు గడిపిన చేతులతో ఒక చిన్న ఆఫీసు సర్వర్ ముందు కూర్చున్నాను. ఒక ఖాతా మొరాయిస్తోంది. ఆలోచించకుండా ఇండెక్స్ ఫైళ్లు తీసేశాను. అది డీబాక్స్‌లో కూడా ఎండీబాక్స్ అనే రకం. చాలా ఉత్తరాలను కట్టలు కట్టి దాచేది. చెరిపేసిన ఉత్తరం అందులో వెంటనే పోదు, 'పర్జ్' నడిపినప్పుడే పోతుంది. ఆ సర్వర్లో పర్జ్ ఎవరూ ఎన్నడూ నడపలేదు. గంట తరవాత అకౌంట్స్ చూసే ఆవిడ ఫోను: "ఏవండీ, మొత్తం మెయిళ్లన్నీ చదవనట్టు చూపిస్తోంది. ఎప్పుడో పారేసినవి కూడా మళ్లీ వచ్చి కూర్చున్నాయి. ఏం చేశారండీ?" వేరే ఫోల్డర్లకు సర్దుకున్నవి కొన్ని మొదట చేరిన చోటికి తిరిగొచ్చాయి కూడా. ఉత్తరం ఒక్కటీ పోలేదని నేను ఆమెకు నచ్చజెప్పబోయాను. నాలుగేళ్ల సర్దుబాటు పోయిందన్నది ఆమె లెక్క, ఆమె లెక్కే సరైంది.

మరి బాగుచేయడం ఎలా? మొదటి అడుగు ఏది?

ఏమీ బాగుచేయకపోవడం. సర్వర్‌కు కొత్త ఉత్తరాలు రాకుండా ఆపండి. 'అయ్యో, వచ్చే మెయిళ్లు పోవూ?' అని అడుగుతారు. పోవు. పంపే సర్వర్లు వాటిని తమ క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తాయి. ఉత్తరాలు చేరవేసే పోస్ట్‌ఫిక్స్ ప్రోగ్రాం మామూలుగా 5 రోజులు చూసి గానీ వెనక్కి పంపదు. రెండు గంటలు తలుపు మూస్తే ఎవరి కొంపా మునగదు.

తరవాత డిస్కును అనుమానించండి. కెర్నెల్ సందేశాల్లో రీడ్ ఎర్రర్లు కనిపిస్తుంటే, డిస్క్ తన ఆరోగ్యం గురించి చెప్పే స్మార్ట్ లెక్కల్లో చెడిపోయిన సెక్టార్లు పెరుగుతుంటే, ఇక మెయిల్‌బాక్స్ సంగతి వదిలేయండి. చావుబతుకుల్లో ఉన్న డిస్క్ మీద, ఫైల్ సిస్టమ్‌ను సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే నడపడం గోరుచుట్టు మీద రోకటిపోటు. ముందు డీడీరెస్క్యూ లాంటి దానితో డిస్క్ మొత్తాన్ని వేరే డిస్కుకు ఎత్తి, ఆ నకలు మీదే పని చేయాలి. ఎఫ్‌ఎస్‌సీకే నడిపాక, ఏ డైరెక్టరీకీ చెందని ఫైళ్లు 'లాస్ట్ అండ్ ఫౌండ్'లో నంబర్ల పేర్లతో తేలతాయి. వాటిని చెత్త అనుకుని ఊడ్చేయకండి. మెయిల్‌డిర్ సర్వర్ అయితే అందులో ఒక్కో ఫైలు ఒక్కో ఉత్తరం కావచ్చు. తెరిచి చూస్తే 'డెలివర్డ్ టు' అనే వరుస ఎవరి ఉత్తరమో చెబుతుంది.

డిస్క్ బాగానే ఉంటే ఆ ఖాతా డైరెక్టరీ మొత్తానికి కాపీ తీయండి. పాడైనదానికి కాపీ ఎందుకని నవ్వుతారు గానీ, రిపేరు వికటించినప్పుడు వెనక్కి పోవడానికి ఉన్న మెట్టు అదొక్కటే.

ఇప్పుడు రిపేరు. డోవ్‌కాట్‌లో దానికి ఉన్న ఆజ్ఞ 'డోవ్‌ఎడ్మ్ ఫోర్స్ రీసింక్'. ఎవరి ఖాతా, ఏ ఫోల్డర్ అని చెబితే ఉన్న ఉత్తరాలను చూసుకుంటూ జాబితాను సరిచేస్తుంది. డీబాక్స్ అయితే ఉత్తరాలు దాచిన ఫైళ్లను కూడా తడిమి చూస్తుంది. చేత్తో ఇండెక్స్ పీకేయడం కన్నా ఇది ఎప్పుడూ మేలు. అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన సైరస్ సర్వర్లో ఇదే పనికి 'రీకన్‌స్ట్రక్ట్' ఉంది. ముందు ఒక్క ఫోల్డర్ మీద నడిపి, లాగ్ చదివి, వెబ్‌మెయిల్‌లో చూసుకున్నాకే తక్కినవాటి జోలికి వెళ్లండి. అందరి ఖాతాల మీదా ఒకేసారి నడిపే వీలుంది. వీలుంది కదా అని నడపనక్కర్లేదు.

రిపేరు అయిందన్నారు. కానీ ఫోనులో మెయిళ్లన్నీ మళ్లీ మొదటినుంచి దిగుతున్నాయి. ఎందుకు?

నంబర్లు మారిపోయాయి. ప్రతి ఉత్తరానికీ సర్వర్ ఇచ్చే శాశ్వత నంబరును యూఐడీ అంటారు. ఆ నంబర్ల వరస మొత్తానికి ఇంకో సంఖ్య ఉంటుంది, యూఐడీ వ్యాలిడిటీ. మీ ఫోను ఈ రెండింటినీ రాసిపెట్టుకుంటుంది. రెండోది మారిందంటే 'పాత రిజిస్టరు రద్దయింది, మీ జేబులో ఉన్న నంబర్లు చెల్లవు' అని అర్థం. అప్పుడు దాచుకున్నదంతా పారేసి మళ్లీ దించుకోవడమే ఐమ్యాప్ నియమం. ఫోను చేస్తున్నది తప్పు కాదు. పాప్ పద్ధతిలో ఉత్తరాలు సర్వర్‌లోనే వదిలేసేవాళ్లకు ప్రతి ఉత్తరమూ రెండోసారి వచ్చి పడుతుంది.

మెయిల్‌డిర్‌లో ఈ నంబర్లు ఉండే ఫైలు 'డోవ్‌కాట్ యూఐడీలిస్ట్'. ఇండెక్స్ ఫైళ్ల పక్కనే, ఇంచుమించు అదే పేరుతో అమాయకంగా కూర్చుంటుంది. డోవ్‌కాట్ అని మొదలయ్యేవన్నీ కలిపి ఒక్క దెబ్బకు చెరిపేసేవాళ్ల చేతిలో ఇదీ పోతుంది. 200 మంది ఆఫీసులో సోమవారం పొద్దున అందరి ఫోన్లూ ఒకేసారి అన్ని ఉత్తరాలూ దించుకోవడం మొదలుపెడితే ఆ లైను గతి ఏమవుతుందో ఊహించుకోండి.

రిపేరు తరవాత వచ్చే ఇంకో రెండు గొడవలు మనిషి తెచ్చిపెట్టేవే. రూట్‌గా లాగిన్ అయి ఫైళ్లు కాపీ చేస్తే అవి రూట్ సొత్తు అయిపోతాయి. మెయిల్ ప్రోగ్రాం వాటిని తెరవలేక మళ్లీ 'ఎర్రర్' అంటుంది. కరప్షన్ తగ్గలేదనుకుని ఇంకోసారి రిపేరుకు దిగుతారు. ఓనర్ పేరు మారిస్తే పోయేదానికి! రెండోది తేదీలు. మెయిల్‌డిర్‌లో ఉత్తరం అందిన తేదీని డోవ్‌కాట్ ఆ ఫైలు తేదీ నుంచే తీసుకుంటుంది. తేదీలు నిలిచేలా కాపీ చేయకపోతే 2009 నాటి ఉత్తరం కూడా ఇవాళే వచ్చినట్టు పైకి తేలుతుంది.

మా ఆఫీసులో మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ ఉంది. అక్కడా ఇంతేనా?

సూత్రం అదే, వేషం వేరు. అక్కడ చాలామంది మెయిల్‌బాక్సులు ఒకే పెద్ద ఈడీబీ డేటాబేస్ ఫైలులో ఉంటాయి. ప్రతి మార్పూ ముందు లాగ్ ఫైలులో రాసి, తరవాతే డేటాబేస్‌లోకి ఎక్కిస్తారు. వ్యాపారి చిత్తుపుస్తకంలో రాసుకుని తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కించినట్టు. ఎక్స్ఛేంజ్ 2007 నుంచి ఒక్కో లాగ్ 1 ఎంబీ. సర్వర్ హఠాత్తుగా ఆగితే డేటాబేస్ 'డర్టీ షట్‌డౌన్' అని చూపిస్తుంది. ఆ మాట చూసి గుండె జారుతుంది గానీ అది కరప్షన్ కాదు; చిత్తులో ఉన్నది ఇంకా ఆవర్జాలోకి ఎక్కలేదని అర్థం. లాగ్‌లు ఉంటే, ఎక్స్ఛేంజ్‌తో వచ్చే ఈఎస్‌ఈ యుటిల్‌ను 'స్లాష్ ఆర్'తో నడిపితే ఎక్కుతుంది.

ప్రమాదం ఎక్కడంటే, డిస్క్ నిండిందని ఆ లాగ్‌లనే ఎవరో చేత్తో చెరిపేసి ఉంటారు. అప్పుడు మిగిలేది 'స్లాష్ పీ'. అది చదవలేని పేజీలను వదిలేసి, మిగిలినదాన్ని అతికించి నిలబెడుతుంది. ఏ పేజీలో ఎవరి ఉత్తరం ఉందో దానికి పట్టదు. డాక్టరు కాలు తీసేసి ప్రాణం నిలబెట్టినట్టన్నమాట, అదీ ఏ కాలో చెప్పకుండా. మంచి బ్యాకప్ ఉన్నవాళ్లు దీని ముఖం చూడకూడదు. తప్పక నడిపితే ఆ డేటాబేస్‌లో కొనసాగకుండా మెయిల్‌బాక్సులన్నీ కొత్త డేటాబేస్‌లోకి తరలించేయాలి. ఒక్కరి మెయిల్‌బాక్స్‌లో లెక్కలు, ఫోల్డర్ వ్యూలు తేడా వస్తే ఇంత హంగామా అక్కర్లేదు. ఎక్స్ఛేంజ్ 2010 సర్వీస్ ప్యాక్ 1 నుంచి 'న్యూ మెయిల్‌బాక్స్ రిపేర్ రిక్వెస్ట్' ఉంది. 'డిటెక్ట్ ఓన్లీ' అని చేరిస్తే ముట్టుకోకుండా లోపాలు మాత్రం చెబుతుంది. అక్కడ మొదలుపెట్టండి.

తెలుగులో వచ్చిన మెయిల్ సబ్జెక్టు ఈక్వల్ గుర్తులు, ప్రశ్నార్థకాలు, గజిబిజి అక్షరాలుగా కనిపిస్తోంది. ఇదీ కరప్షనేనా?

కాదు. మెయిల్ వ్యవస్థ ఇంగ్లిషు అక్షరాల కోసం పుట్టింది కాబట్టి తెలుగును మూట కట్టి పంపుతారు. యూటీఎఫ్ 8లో 'అ' 3 బైట్లు. కోటెడ్ ప్రింటబుల్ అనే మూటలో ఒక్కో బైటు 3 గుర్తులవుతుంది, అంటే ఒక్క 'అ' కోసం 9 గుర్తులు. విప్పడం రాని ప్రోగ్రాం మూటను మూటగానే చూపిస్తుంది. లోపల సరుకు భద్రం. దీనికోసం సర్వర్లో రిపేరు నడిపినవాళ్లను చూశాను కాబట్టే చెబుతున్నాను.

రెండు డిస్కుల్లో ఒకేసారి రాసే రెయిడ్ ఉంది మాకు. బ్యాకప్ అవసరమా?

2011 ఫిబ్రవరి 27న కొందరు జీమెయిల్ తెరిస్తే ఖాళీ ఇన్‌బాక్స్ కనిపించింది. గూగుల్ ప్రతి ఉత్తరాన్నీ ఒకటికి మించిన డేటా సెంటర్లలో దాస్తుంది. కానీ స్టోరేజీ సాఫ్ట్‌వేర్‌కు చేసిన అప్‌డేట్‌లో దోషం ఉండటంతో కొన్ని ఖాతాల నకళ్లన్నీ పోయాయి. దెబ్బ తగిలింది 0.02 శాతం ఖాతాలకే. వాటిని చివరికి వెనక్కి తెచ్చింది, నెట్‌కు దూరంగా విడిగా ఉంచిన టేపులు. రెయిడ్ డిస్క్ చావు నుంచి కాపాడుతుంది. మీరు ఒక డిస్కులో చెరిపినది రెండో డిస్కులోనూ అదే క్షణంలో అంతే శ్రద్ధగా చెరిపేస్తుంది.

బ్యాకప్ కూడా లేదు. రెండు రోజుల ఉత్తరాలు నిజంగానే పోయాయి. ఇంకేమైనా దారి ఉందా?

ఉత్తరాలు పోయినా వచ్చాయన్న సాక్ష్యం మిగిలి ఉంటుంది. పోస్ట్‌ఫిక్స్ లాగ్‌లో ప్రతి ఉత్తరం ఎవరి నుంచి, ఎవరికి, ఏ సమయానికి వచ్చిందో, దాని మెసేజ్ ఐడీ ఏమిటో ఉంటుంది. సబ్జెక్టు మామూలుగా ఉండదు. పాత లాగ్‌లు కొన్ని వారాలకు వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు సర్వర్లో ఉంటుంది కాబట్టి ముందు వాటిని పక్కకు కాపీ చేయండి. ఆ రెండు రోజుల వరుసలు ఏరి, ఎవరికి వచ్చినవి వారికి విడగొట్టి ఇవ్వండి. ఒక ఆఫీసులో నేను అలా కాగితాల మీద ప్రింటు తీసి పంచాను. వాళ్లు ఆ పేర్లు చూసుకుంటూ ఫోన్లు చేశారు: "మంగళవారం పదకొండున్నరకు మీరొక మెయిల్ పంపారు కదా సార్, అదొకసారి మళ్లీ పంపిస్తారా?" పంపినవాళ్ల సెంట్ ఫోల్డర్‌లో ఆ ఉత్తరాలు చాలావరకు అలాగే ఉన్నాయి. సాయంత్రానికి తిరిగి వచ్చేశాయి.